ఏది పని, ఏది చెత్త

ఆమె పోయిందన్న కబురు మా ఫైన్ ఆర్ట్స్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూసినప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఒక రకమైన నిశ్చింత. ఆఫీసు క్యాంటీన్‌లో, చేతిలో పెరుగన్నం డబ్బాతో, "అమ్మయ్య, ఇక కొత్తగా ఏమీ చెయ్యదు" అనుకున్నాను. అక్షరాలా అదే మాట. తరవాత ఏడ్చాను, అదీ నిజమే. బాత్రూములోకి పోయి కొళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను. కానీ వరస మాత్రం అది. ముందు నిశ్చింత, వెనకాల ఏడుపు. చెప్తే మొహాన ఉమ్మేస్తారని ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజుల జ్వరమట. దవాఖానలో చేర్చిన మర్నాడే పోయిందట. ఇవన్నీ ఆమె తమ్ముడు దినాలు అయ్యాక ఫోన్ చేసి చెప్పాడు. బాలానగర్‌లో లేత్ మిషను మీద పని చేస్తాడతను. మాట మెత్తన.

"అక్కా, ఇంటి ఓనరు టెర్రసు ఖాళీ చెయ్యమంటుండు. ఆదివారం పాత సామాన్ల బండి మాట్లాడిన. నువ్వొక్కసారి రావాలె. ఏది మా అక్క పని, ఏది చెత్త, నాకు తెలుస్తలేదు. ఆమె ఏం రాసిపెట్టలే. నువ్వు ఉండాలన్నది ఉంచుత, మిగిలింది బండెక్కిస్త."

"నాకేం తెలుస్తుంది తమ్ముడూ?" అన్నాను.

"నీకు తప్ప ఎవరికి తెలుస్తదక్కా? కలిసి చదువుకున్నరు."

చూశారా పని! ఇరవై ఏళ్ళుగా ఎవర్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానో, ఆ మనిషి చేసిందంతా తీసుకొచ్చి నా నోటి మాట మీద పెట్టాడు. చెత్త అంటే చెత్త. పని అంటే పని. వస్తానన్నాను. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ ఆమే నా కళ్ళముందు తిరిగింది.

ఆమెకు ముందు ముక్కు పని చేసేది. ఏ వస్తువు చేతికొచ్చినా మొట్టమొదట వాసన చూసేది. ఇనప ముక్క, వైరు, చిరిగిన చెప్పు, ఏదైనా సరే. కాలేజీలో అందరం ఏడిపించేవాళ్ళం. "ఏంటే, కూర మాడిందో లేదో చూస్తున్నావా?" అంటే, "పచ్చిగున్నదే ఇంక. మాగాలె" అనేది. ఇదీ ఆమె మాట. తెచ్చిన దేన్నీ వెంటనే ముట్టుకునేది కాదు. ఎండకీ వానకీ వదిలేసేది. ఏడాది, రెండేళ్ళు. మామిడికాయలు గడ్డిలో వేసి చూసుకున్నట్టు మధ్యమధ్యలో వెళ్ళి తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేసేది. "ఇంక మాగలే."

నేనలా కాదు. నాకు చెయ్యి తిరిగింది. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, కాకినాడలో చిన్నప్పట్నుంచీ అందరూ అన్న మాటే. కూజా గీస్తే కూజా, నీళ్ళు గీస్తే నీళ్ళు. మొదటి ఏడాది మా మాస్టారు బల్ల మీద కూజా, గుడ్డ, రెండు దానిమ్మకాయలు పెట్టి గీయమన్నారు. నాది చూసి "చాలా బాగుందమ్మా" అన్నారు. ఆమె గీయలేదు. వాళ్ళ నాన్న పనిచేసే షెడ్డు నుంచి గుప్పెడు ఇనప రజను తెచ్చి, అదే గుడ్డ మీద కూజా ఆకారంలో చల్లి, ఉప్పునీళ్ళు చిలకరించి మూట కట్టి పెట్టింది. వారం తరవాత విప్పితే గుడ్డ మీద తుప్పుతో కూజా పడింది. అంచులు సరిగ్గా లేవు. మూతి వంకర. మాస్టారు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయారు. గంట కొట్టారు, కదల్లేదు. నాకు "చాలా బాగుందమ్మా" వచ్చింది, ఆమెకు ఆ నిలబడ్డం వచ్చింది. నా కడుపు మొదటిసారి మండింది ఆ రోజే. నిజంగా, ఇక్కడ, పక్కటెముకల కింద. పచ్చిమిరపకాయ నమిలి మింగినట్టు.

చదువయ్యాక నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. డిజైనర్ని. అంటే ఫోన్ తెరల మీద మీరు నొక్కే బటన్లున్నాయే, వాటి రంగూ గుండ్రమూ చూసేదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా అదే. ఆదివారాలు బండరాళ్ళు గీసేదాన్ని. ఈ ఊళ్ళో పగలగొట్టగా మిగిలిన రాళ్ళన్నీ నా దగ్గర నీటిరంగుల్లో ఉన్నాయి. ఆమె మూసాపేటలో గది తీసుకుంది, తరవాత చందానగర్‌లో పై అంతస్తు, టెర్రసు కోసమని. పొద్దున ఒక బడిలో పిల్లలకి డ్రాయింగు చెప్పేది. మధ్యాహ్నాలు నా ఆఫీసుకొచ్చేది.

నన్ను చూడ్డానికనుకునేరు. మా చెత్త కోసం! కింద సెక్యూరిటీ వాళ్ళు బ్యాగు తెరిస్తే సుత్తి, పట్టకారు, నాలుగు బోల్టులు, టిఫిన్ డబ్బా. ప్రతిసారీ గొడవే. నేను దిగి వెళ్ళి, "మా ఫ్రెండండీ, ఆర్టిస్టు" అని చెప్పి తీసుకురావాలి. ఆ "ఆర్టిస్టు" అన్న మాట నా నోటితో నేనే చెప్పాల్సి రావడం చూడండి. పైకి రాగానే చుట్టూ చూసేది. మనిషి మొహం కాదు, మెడలో కార్డు రిబ్బను చూసేది.

"గిది పారేస్తరా?"

"అది కొత్తదే."

"పాతదైనంక పారేస్తరు గద. అప్పుడు నాకియ్యి."

ఒకసారి నా కుర్చీని అడిగింది. "నేను కూచునే ఉన్నానే తల్లీ!" అన్నాను. "లేస్తవ్ గద ఎప్పుడన్న" అంది. నవ్వకుండా. చేతులు అరిగిపోయిన కుర్చీలు, ఎంత తుడిచినా పాత రాత పోని వైట్‌బోర్డులు, మణికట్టు ఆనిన చోట నల్లబడ్డ మౌస్‌ప్యాడ్లు. మేం వాడి వాడి అసహ్యించుకున్నవన్నీ ఆమెకు కావాలి. కొత్తవి ఇస్తే వద్దనేది. "దీంట్ల ఇంక ఎవరూ లేరే" అనేది.

నేనూ చేశాను, దాచడం దేనికి. ఒక సెలవు రోజు పాత కీబోర్డులు నాలుగు ఇంటికి పట్టుకెళ్ళి మీటలన్నీ ఊడబెరికి చెక్క మీద అందంగా, వరసగా అంటించాను. మా ఆయన చూసి, "బాగుంది. ఫోన్ పెట్టుకునే స్టాండా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, అది అలాగే ఉంది. డస్ట్‌బిన్‌లో పడేసి, పైన పాత పేపర్లు కప్పాను. ఆమె వచ్చి తియ్యకుండా.

కరోనా తరవాత మా కంపెనీ రెండు అంతస్తులు వదిలేసింది. అందరూ ఇళ్ళ నుంచే పని, ఇక నేల దేనికని. నేలంతా కార్పెట్ పలకలుండేవి, బూడిదరంగు చదరాలు. వాటిని పీకి పారేస్తున్నారని నేనే ఆమెకు నోరు జారి చెప్పాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మర్నాడే ఆటో ట్రాలీ వేసుకుని వచ్చింది. ఒక్కో పలకా తీస్తూ వెనకాల సీటు నంబరు రాసుకుంది. రెండేళ్ళు మాగబెట్టింది.

బాలానగర్‌లో మూతపడ్డ ఒక షెడ్డులో వాటిని గోడకి పెట్టింది. సీట్ల వరస ఎలా ఉండేదో అలాగే. రంగు వెయ్యలేదు, కత్తిరించలేదు. అంతే, ఉత్త కార్పెట్టు! లోపలికి అడుగు పెట్టి చూశాను. ఒక్కో పలక మీదా ఒక మనిషి కాళ్ళు. కుర్చీ చక్రాలు తిరిగి తిరిగి సగం సున్నాలా అరిగిన చోటు. మడమ నొక్కుకున్న చోటు. ఒకతను రోజంతా కాలు ఊపేవాడు, మాకందరికీ తెలుసు, అక్కడ పీచు లేచిపోయి కింద గుడ్డ కనపడుతోంది. నాది నేను పట్టేశాను. ముందుభాగంలో రెండు చిన్న గుంటలు, పక్కపక్కన. నేను మునివేళ్ళ మీద ఆని కూచుంటానని నాకే తెలియదు. అన్నేళ్ళూ, ఏ క్షణమైనా లేచి వెళ్ళిపోదామన్నట్టు కూచున్నానన్నమాట.

"గిది నీదే" అంది పక్కకొచ్చి.

"తెలుసు" అన్నాను. ఇది నాకు తట్టాలి కదా! నా ఆఫీసు, నా నేల, నా కాళ్ళు. ఆమె అక్కడ ఒక్కరోజు ఉద్యోగం చెయ్యలేదు.

అప్పుడు ఎవరో పెద్దాయన వచ్చి నేనెవరని అడిగాడు. ఆమె నా భుజం మీద చెయ్యేసి, "నా దోస్తు. మస్తు బొమ్మలేస్తది. నాది అయిపోయింది గాని, ఇది మాత్రం ఇంక దేవులాడుతనే ఉన్నది" అంది.

దేవులాడుతనే ఉన్నది! మా వైపు ఆ మాట ఎవర్నంటారో తెలుసా? పేరు కోసమో పదవి కోసమో నోరు తెరుచుకుని తిరిగేవాణ్ణి. "ఎందుకలా దేవులాడతావు?" అని మా అమ్మ తిట్టేది. అంతమందిలో, నవ్వుతూ, భుజం మీద చెయ్యేసి అంది. తనకి అన్నీ అయిపోయాయట, నేనింకా దేవులాడుతున్నానట. ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి మెట్రో దాకా నడుచుకుంటూ నాలో నేను తిట్టుకుంటూ పోయాను. ఎదురొచ్చినవాళ్ళు ఫోన్లో మాట్లాడుతున్నాననుకునుంటారు.

నెల తిరక్కుండానే మా కొత్త బిల్డింగు లాబీ గోడ సంగతి వచ్చింది. పెద్ద గోడ, లోపలికి రాగానే ఎదురుగా కనపడేది. ఆ పలకల్ని పెట్టడానికి ఆమె అడిగింది. మా మనుషుల నేల, మా గోడ మీద. నేనూ నా రాళ్ళ బొమ్మకి దరఖాస్తు పెట్టాను. బిల్డింగు వ్యవహారాలు చూసే పెద్దసారుది కర్నూలు. మంచాయన. ఫొటోలు తిప్పి తిప్పి చూసి, నన్ను పిలిచాడు.

"ఏమ్మా, నువ్వు ఈ చదువు చదివినదానివి. ఈ కార్పెట్టు సంగతేంది? ఫొటోలో చూస్తాంటే నాకేమో ఒక రకంగా ఉండాది, మనసులో. బాగుండాదంటావా?"

ఆయన మనసులో ఒక రకంగా ఉందన్నాడు. అంటే పట్టుకుంది. నేను ఒక్క మాట ఊతం ఇస్తే చాలు.

"బాగుంది సార్" అన్నాను. "ఏసీ హాల్లో వాసనొస్తుందేమో. అంతే."

"ఔ కదా! పాత కార్పెట్టు, దుమ్ము, ఎవరికన్నా ఎలర్జీ వస్తే మనకు తలనొప్పి" అని ఫొటోలు మూసేశాడు.

వాసన లేదు. నాకు తెలుసు. ఆమె రెండేళ్ళు ఎండబెట్టింది, ఒక్కో పలకా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. లాబీ గోడకి నా రాళ్ళు ఎక్కాయి. ఎనిమిదడుగుల బొమ్మ, సాయంత్రపు ఎండ. మొదటి వారం ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు. తరవాత అందరూ దాని ముందునుంచే కార్డు గీకి లోపలికి పోతున్నారు. ఎవరూ నిలబడలేదు. నేను లెక్కపెట్టుకోలేదు గానీ, కనిపెట్టి చూశాను.

ఆమె చూడ్డానికొచ్చింది. రాకపోతే బాగుండునని ఎంత మొక్కుకున్నానో! చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్ళింది. రాళ్ళ మధ్య ఒక చోట వేలు పెట్టబోయి ఆగి, "గీ నీడ మస్తుగ పట్టినవే. నాకైతే రాదు" అంది. ఆ తరవాత, అలవాటే కదా, ముక్కు ఆనించింది. ఇటు తిరిగి, "నీ బొమ్మకైతే వాసన లేదే" అని నవ్వింది.

తెలిసి అందా, తెలియక అందా? ఆ నవ్వులో ఏముందో ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు. ఇద్దరం టీ తాగాం. బిస్కట్ కవరు మడిచి బ్యాగులో పెట్టుకుంది. అదే ఆఖరిసారి కలవడం.

ఆ తరవాత ఒక పొద్దున నన్ను తీసుకెళ్ళాల్సిన క్యాబ్ ఆలస్యమైంది. డ్రైవరు, సిద్దిపేట అతను, చెమటలు కక్కుకుంటూ వచ్చి, "పావుగంట నుంచి మీ గేటు దేవులాడుతున్న మేడం, దొరకలే" అన్నాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"దేవులాడుతున్న మేడం. ఎతుకుతున్న."

కారు కొండాపూర్ దాటింది, సిగ్నల్ పడింది, మళ్ళీ కదిలింది. నేను ఆ మాట దగ్గరే ఉన్నాను. ఎతుకుతున్న. నాది అయిపోయింది, ఇది మాత్రం ఇంకా ఎతుకుతనే ఉన్నది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, మా కాలనీలో మా వాళ్ళతో, ఆఫీసులో ఇంగ్లీషుతో వెళ్ళదీసి, ఈ ఊరి మాటొకటి తెలుసుకోలేదు. తెలుసుకోలేదని కూడా కాదేమో. నా చెవికి ఆ అర్థమే కావాలి. ఆమె తన పని అయిపోయిందని బెంగపడి, నాది కాలేదని నన్ను మెచ్చుకుంది. ఇంకా చెప్పాలంటే, నన్ను చూసి కాస్త కుళ్ళుకుంది. నన్ను చూసి!

పోనీ, ఆ రోజైనా ఫోన్ చేసి వాసన సంగతి ఒప్పుకున్నానా? లేదు. రేపు చేద్దామనుకున్నాను. పైగా నా అసూయ తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. అంత పెద్ద మాట అంత తేలిగ్గా అనగల మనసు కూడా ఆమెకే ఇచ్చాడే దేవుడని. వాయిదా వేస్తూనే ఉన్నాను. ఇంతలో జ్వరం వచ్చిందామెకు.

ఆదివారం పొద్దున చందానగర్ వెళ్ళాను. సందులో పాత సామాన్ల బండి ఆగి ఉంది. తమ్ముడు నన్ను చూడగానే, "వచ్చినవా అక్కా" అని మెట్ల మీద ముందు నడిచాడు. టెర్రస్ నిండా గుట్టలు. బోర్డులు, కుర్చీ చేతులు, రిబ్బన్లు, గోనెసంచులు, తుప్పు. ఏది పూర్తయింది, ఏది మాగుతోంది, ఏది ఉత్తదే ఉంది, ఎవరు చెప్పగలరు?

మొదట చదువుకున్న బుర్రతోనే చూశాను. కూర్పు, రంగు, ఇంకా ఏవేవో. ఏం తెలియలేదు. రిబ్బన్లతో అల్లిన పెద్ద జడలాంటిదొకటి ఉంది. కష్టపడి చేసింది పాపం. చూశాను. కడుపులో ఏమీ లేదు. హాయిగా ఉంది. "ఇది తీసెయ్యి" అన్నాను. వైట్‌బోర్డులు ఒకదాని వెనక ఒకటి తీయించాను. మొదటిది ఏమీ లేదు. రెండోది ఏమీ లేదు. మూడోదాని మీద ఎన్నో చేతిరాతలు ఒకదాని కింద ఒకటి మసగ్గా కనపడుతున్నాయి, వాటన్నిటి మీదా ఆమె వేలితో ఒకే ఒక్క చోట తుడిచింది. చుర్రుమంది. సరిగ్గా పక్కటెముకల కింద.

"ఇది ఉంచు."

అప్పుడు దొరికింది నాకు ఉపాయం. ఇక ఆలోచించడం మానేశాను. ఏది చూస్తే మంట పుట్టిందో అది గదిలోకి, ఏది చూస్తే హాయిగా ఉందో అది బండిలోకి. గబగబా సాగింది పని. తమ్ముడు ఎత్తి చూపించడం, నేను కడుపు చూసుకోవడం. ఇరవై ఏళ్ళుగా నన్ను తినేసిన రోగం ఒక్కసారి కూడా తడబడలేదు.

చివరికి నీళ్ళట్యాంకు కింద, నీలం పట్టా కప్పి ఒక మడత ఉంది. తమ్ముడు పట్టా తీశాడు. మౌస్‌ప్యాడ్లు. వందల కొద్దీ. ఇళ్ళల్లో పాత చీరలు కలిపి బొంత కుడతారే, అలా కలిపి కుట్టింది, పాత కేబుల్‌లోంచి తీసిన రాగితీగతో. ఒక మూల ఇంకా కుట్టలేదు. సూది అక్కడే గుచ్చి ఉంది.

మడత ఇంకా విప్పలేదు. కొస చూశానంతే. కడుపులో భగ్గుమంది. ఇది విప్పకూడదు అనిపించింది. దీన్ని మనుషులు చూస్తే ఇక నేనూ లేను, నా రాళ్ళూ లేవు. కింద బండి ఉంది. ఒక్క మాట.

"గిదేందక్కా?"

"చెత్తే" అన్నాను.

తమ్ముడు పాత సామాన్లతన్ని పైకి పిలిచాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లేపేసరికి మడత దానంతట అదే విడిపోయింది. ఎండలో పరుచుకుంది. ఒక్కో ముక్క మీదా ఒక అరచెయ్యి ఆనిన మచ్చ. ఎవరెవరివో, అన్నీ ఒకే వైపు తిరిగి, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నట్టు. ఎవరు కప్పుకుంటారు దీన్ని? మేమే. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు చెయ్యి అరగదీసుకున్న మేమే.

వాళ్ళు మెట్ల దాకా వెళ్ళిపోయారు.

"ఆగండి!" అని అరిచాను. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి చూసేంత గట్టిగా. "దించండి. తప్పు చెప్పాను. తప్పు చెప్పాను తమ్ముడూ. దాన్ని ముందు లోపల పెట్టు. అన్నిటికన్నా ముందు."

అతను బొంతని తిరిగి మడిచి, రెండు చేతుల మీద ఎత్తుకుని గదిలో పెట్టి వచ్చాడు. నేను గచ్చు మీద కూలబడ్డాను. మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చి నా ఎదురుగా కూచున్నాడు.

"ఎట్ల తెలుస్తున్నదక్కా నీకు? నేనెంత చూసినా తెలుస్తలేదు."

"కడుపులో తెలుస్తుంది" అన్నాను. ఇంతకంటే నిజం ఆ రోజు నేను చెప్పలేకపోయాను.

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సొంతోళ్ళకే గట్ల తెలుస్తదక్కా. నువ్వు ఒక్కదానివే ఉన్నవ్ మా అక్కకు" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.